బోరు మోటరు గుంజేటప్పుడు వైరు తాడు మీద ఎంత పడతది? "స్థిర వేగం" లెక్క తేలుతలేదు

చారకొండ_15పైపులు
బోరు మోటరు గుంజాల్సి ఉంది. స్విచ్చేసినంక నీళ్లు లేటుగ వస్తున్నయ్, తీసి చూడాలె. లెక్కకు వివరాలు: 300 అడుగుల లోతుల మోటరు, ఇంచుంపావు జీఐ పైపులు మీడియం రకం 15, ఒక్కోటి 20 అడుగులు. నీటి మట్టం 200 అడుగుల దగ్గర. పైన ముక్కాలి, గిరక, కింద కరెంటు వించి. తాడు 10 మి.మీ. వైరు తాడు. వించి ఒకే స్పీడుతోని చుడతది, సెకనుకు 20 సెం.మీ. అనుకోండ్రి.

ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంల "స్థిర వేగంతో పైకి లేపితే తన్యత బరువుకు సమానం" అని ఉంది. తన్యత అంటే తాడు గుంజే బలమే గద. సమానమైతే మీదికెట్ల వస్తది? జర ఎక్కువ గుంజితేనే గద లేచేది. ఆ "జర" ఎంత? స్పీడు డబల్ చేస్తే తాడు మీద పడేది కూడా డబల్ అయితదా?

గిరక_మాస్టర్
డబల్ కాదు. స్పీడుకు తన్యతకు సంబంధం లేదు. స్పీడు మారుతున్నప్పుడే సంబంధం.

పాలమూరు_ఫిట్టర్
బరువు కంటే 25 శాతం ఎక్కువ వేసుకో. మేం అందరం గంతే వేస్తం.

త్వరణం_సున్నా
ఫిట్టర్ గారు చెప్పే 25 శాతం తాడు ఎంచుకోవడానికి పనికొస్తుంది, తన్యత కట్టడానికి కాదు. రెండూ కలిపితేనే గందరగోళం.

అసలు ప్రశ్నకు. ఆగి ఉన్న బరువు కదలాలంటే తాడు బరువు కంటే ఎక్కువ లాగాలి, అక్కడ మీరన్నది నిజమే. కానీ ఆ ఎక్కువ బలం చేసే పని ఒక్కటే: వేగం పెంచడం. సెకనుకు 20 సెం.మీ. వేగం వచ్చాక ఇంకా ఎక్కువ లాగుతూనే ఉంటే వేగం 30 అవుతుంది, 40 అవుతుంది. వించి అలా పెంచడం లేదు కదా. అంటే మిగులు బలం సున్నా. తాడు పైకి లాగేది, భూమి కిందికి లాగేది సరిగ్గా తూగిపోయాయి. తూగినప్పుడు వస్తువు ఆగిపోదు, ఉన్న వేగంతోనే పోతుంటుంది.

లెక్క: తన్యత = ద్రవ్యరాశి × (9.8 + త్వరణం). త్వరణం సున్నా అయితే ద్రవ్యరాశి × 9.8, అంతే. మీ వించి సున్నా నుంచి 20 సెం.మీ. వేగానికి ఒక సెకనులో వస్తే త్వరణం 0.2, అంటే తాడు మీద 2 శాతం ఎక్కువ. అదే పదో వంతు సెకనులో వస్తే త్వరణం 2, అప్పుడు 20 శాతం ఎక్కువ. ఆపేటప్పుడు అంతే మేర తగ్గుతుంది. ఎక్కువ పడ్డదీ తక్కువ పడ్డదీ కాలంతో గుణించి చూస్తే చెల్లుకు చెల్లు.

ఎంసెట్_పోరడు
సారు, దించేటప్పుడు? స్థిర వేగంతో దించితే బరువు కంటే తక్కువ గద?

త్వరణం_సున్నా
కాదు. దించినా సమానమే. దిశ ఏదైనా వేగం మారకపోతే త్వరణం సున్నా. సగం మంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

దేవరకొండ_గుంజుడు
సూత్రం మంచిగనే ఉంది గని బరువెంతో తెల్వకుంట సూత్రం ఏం చేస్తది. బోర్ల "బరువు" అంటే మోటరొక్కటే కాదు. లెక్క రాస్తున్న, చూస్కో.

పైపు: ఇంచుంపావు మీడియం జీఐ మీటరుకు 3.1 కిలోలు. 20 అడుగులు అంటే 6.1 మీటర్లు, పైపుకు 19 కిలోలు. 15 పైపులు 285.

మోటరు, పంపు కలిపి 50 అనుకో. ప్లేటు మీద రాసి ఉంటది, లేదంటే కాంటా పెట్టుకో.

కేబులు 20.

ఇగ అందరు మర్చిపోయేది పైపుల నీళ్లు. పంపు మీద ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వాపస్ కిందికి జారకుంట ఆపే వాల్వు) సక్కగ ఉంటే పైపు నిండ నీళ్లు అట్లనే నిలబడతయ్, నీతోని పాటు మీదికొస్తయ్. లోపలి అడ్డుకొలత 36 మి.మీ., మీటరుకు ఒక లీటరు చిల్లర. 91 మీటర్లకు 93 కిలోలు.

కూడితే 448.

ఇండ్ల నుంచి తీసేసేది: నీళ్లల్ల మునిగి ఉన్న 100 అడుగుల పైపును బయటి నీళ్లు మీదికి లేపుతయ్. పైపు బయటి అడ్డుకొలత 42.4 మి.మీ., మీటరుకు 1.41 లీటర్ల జాగ. 30.5 మీటర్లకు 43 కిలోలు. మోటరు, పంపుకు ఇంకో 8 అనుకో.

448 - 51 = 397. న్యూటన్లల్ల కావాల్నంటే 9.8 తోని గుణించు, 3,890. నోటిలెక్కకు 400 కిలోలు.

చారకొండ_15పైపులు
అంటే మొదలు లేపినప్పుడే అన్నిటికంటె ఎక్కువ, తర్వాత తగ్గుడే గద?

దేవరకొండ_గుంజుడు
అట్ల అనిపిస్తది గని కాదు. మొదటి పైపు లేస్తుంటే కింద 6 మీటర్ల పైపు నీళ్లల్లకెళ్లి బయటికొస్తది. నీళ్లిచ్చే ఆసరా 8.6 కిలోలు పోతది. అంటే మొదటి పైపు మొత్తం మీదికొచ్చి, కింది పైపులను బోరు మూతి కాడ పట్టి ఆపే క్లాంపు వేసే ముందర తాడు మీద 406. అదే అన్నిటికంటె ఎక్కువ. పైపు ఇప్పి పక్కకు పెడితే పైపు 19, దాంట్ల నీళ్లు 6, కేబులు ఒకటి చిల్లర పోయి 379కి వస్తది. రెండో పైపుకు మల్ల 388 దాక ఎక్కి 361కి దిగుతది. రంపపు పండ్ల లెక్క ఎక్కుకుంట దిగుతది. 5 పైపులు తీసినంక మోటరు నీళ్లు దాటుతది, ఇగ అక్కడికెళ్లి ఉత్త దిగుడే.

గిరక_మాస్టర్
ఇది బాగుంది. పుస్తకంలో స్థిర వేగం అంటే తన్యత ఒకే అంకె. ఇక్కడ వేగం స్థిరం, బరువే మారుతోంది.

పాలమూరు_ఫిట్టర్
హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపైతే ఈ తలనొప్పే లేదు. నీళ్లకంటె జర తేలిక, నీళ్లల్ల ఉన్నంత సేపు దాని బరువే తగలదు.

దేవరకొండ_గుంజుడు
తగలదు నిజమే. గని హెచ్‌డీపీఈ పట్టుకొని గుంజితే సాగుతది. మోటరుకు కట్టిన తాడు పట్టుకొనే గుంజాలె, పైపు దాని ఎంబడి రావాలె. ఆ తాడుకు ముడి వేస్తే ముడి దగ్గర బలం సగానికి పడిపోతది. తాడు మీద రాసున్న కెపాసిటీ చూసి ముడివేసి వదిలేసేటోళ్లు మస్తు మంది.

మోట_కాలం
ఎత్తిపోతల గురించి అనుకుని వచ్చిన. ఇది ఎత్తుడే, పోతలు లేవు.

సాగర్_26గేట్లు
ఎత్తుడే ముఖ్యం, పోత దానంతట అదే పోతది.

నల్లరాయి_క్వారీ
ఇప్పటిదాక అందరూ కొక్కెం వైపే చూసిండ్రు. ముక్కాలి నెత్తిన ఎంత పడతదో చూడలే. గిరక మీదికెళ్లి తాడు ఒకవైపు బరువుకు, ఇంకోవైపు కిందున్న వించికి దిగుతది. రెండు వైపులా 400. గిరక పట్టిన కొక్కెం మీద 800. రెండు తాళ్ల నడుమ 30 డిగ్రీల సందు ఉన్నా 770 పైనే. 400 కిలోల బరువుకు అరటన్ను ముక్కాలి సరిపోతదనుకుంటే అయిపోయినట్టే.

చారకొండ_15పైపులు
అబ్బో, ఇది తెల్వదు. మరి కప్పీ రెండు వేస్తే? ఒకటి కింద కొక్కెం దగ్గర కదిలేది. సగం అయితదంటరు.

పాలమూరు_ఫిట్టర్
అవును, తాడు మీద సగం, ముక్కాలి మీద కూడా సగం.

నల్లరాయి_క్వారీ
తాడు మీద సగం కరెక్టే, 200. ముక్కాలి మీద సగం కాదు. లెక్కపెట్టు: తాడు ఒక కొస నెత్తిన కట్టినవ్, అది 200. కదిలే కప్పీ కిందికెళ్లి వచ్చి పై గిరకకు ఎక్కింది, అది 200. గిరక దాటి వించికి దిగింది, ఇంకో 200. మొత్తం 600. 800 కాస్త 600 అయింది, 400 కాలేదు.

గిరక_మాస్టర్
ఘర్షణ కూడా కలుపుకోవాలి. బేరింగు గిరకైతే ఒక్కోదానికి 3 నుంచి 5 శాతం, బుష్షు అరిగిన పాత గిరకైతే 10 దాకా. లేపేటప్పుడు వించి వైపు ఎక్కువ: 400కు 4 శాతం పోతే 416. దించేటప్పుడు తిరగబడుతుంది, వించి వైపు 385కే ఆగుతుంది. ఘర్షణ ఎప్పుడూ కదలికకు అడ్డం, పైకైతే నీకు శత్రువు, కిందికైతే చుట్టం.

కదిలే కప్పీ వేస్తే ఇంకోటి గుర్తుంచుకోండి: 6 మీటర్ల పైపు లేపడానికి 12 మీటర్ల తాడు చుట్టాలి. వించి అదే వేగంతో తిరిగితే పైపు సగం వేగంతో వస్తుంది. పని మిగలదు, బలం మాత్రమే సగమవుతుంది.

మోట_కాలం
గిరక లేకుండ దూలం మీదికెళ్లి తాడేసి గుంజితే? పాత బావుల దగ్గర ఇప్పటికి చేస్తుండ్రు.

త్వరణం_సున్నా
తిరగని దూలం మీద అర చుట్టు పడితే ఘర్షణ గుణకం 0.3 అనుకున్నా లాగాల్సింది 2.5 రెట్లు. 20 కిలోల బకెట్‌కు 50 కిలోలు. దించేటప్పుడు మాత్రం 8 కిలోలతో పట్టుకుంటే చాలు. అందుకే దించేవాడికి హాయిగా, లేపేవాడికి నడుం విరిగేలా ఉంటుంది. తాడు కూడా ఒకేచోట రాపిడికి వేడెక్కి తెగుతుంది.

ట్రాక్టర్_రివర్స్
మా దిక్కు వించి ఎక్కడిది, తాడు ట్రాక్టరు వెనక కొక్కేనికి కట్టి ముందుకు పోనిస్తరు. ఫస్ట్ లో గేర్ల మంచిగ ఒకే స్పీడు. లెక్క అదే గద?

త్వరణం_సున్నా
అదే కాదు. ట్రాక్టరు స్థిర వేగంతో పోయినా పైపు స్థిర వేగంతో రాదు. పై గిరక నుంచి తాడు ఏటవాలుగా ట్రాక్టరుకు వస్తోంది కదా, ట్రాక్టరు గిరక కిందే ఉన్నప్పుడు నాలుగడుగులు ముందుకు పోయినా పైపు పెద్దగా లేవదు. దూరం పోయేకొద్దీ తాడు వాలుతుంది, పైపు వేగం ట్రాక్టరు వేగానికి దగ్గరవుతుంది. అంటే పైపుకు త్వరణం ఉన్నట్టే, తన్యత బరువు కంటే ఎక్కువే.

గిరక_మాస్టర్
సూత్రం ఒప్పుకుంటా, భయం ఒప్పుకోను. అంకెలు వేయండి. గిరక 7 మీటర్ల ఎత్తు, ట్రాక్టరు సెకనుకు 1 మీటరు. త్వరణం అన్నిటికంటే ఎక్కువ ఉండేది ట్రాక్టరు సరిగ్గా గిరక కింద ఉన్నప్పుడు, వేగం వర్గం భాగించు ఎత్తు: 1/7, అంటే 0.14. 9.8లో ఒకటిన్నర శాతం. 400 కాస్తా 406. దీనికి తాడు తెగదు.

త్వరణం_సున్నా
సెకనుకు 2 మీటర్లతో పోతే 4/7, 6 శాతం అవుతుంది. కానీ ఒప్పుకుంటున్నా, చిన్నదే.

ట్రాక్టర్_రివర్స్
తాడు ఎప్పుడూ అక్కడ తెగదు సారు. టైర్లు జారి మల్ల పట్టుకున్నప్పుడే తెగుతది.

నల్లరాయి_క్వారీ
టైర్లు ఎందుకు జారుతయో కూడా ఈ లెక్కల్నే ఉంది. తాడు 45 డిగ్రీల ఏటవాలు ఉంటే 400లో 280 కిలోలు ట్రాక్టరును వెనక మీదికి లేపుతుంటది. కొక్కెం ఇరుసు వెనక ఉంటది కాబట్టి వెనక టైర్ల మీద ఇంకా ఎక్కువ తగ్గుతది. బరువు తగ్గితే పట్టు తగ్గె. ముక్కాలి కింద ఇంకో గిరక పెట్టి తాడును నేలకు సమానంగ తీసుకపోతే రెండు బాధలు పోతయ్: ట్రాక్టరు స్పీడే పైపు స్పీడు, టైర్ల మీది బరువు తగ్గదు. గని ఆ కింది గిరకను ముక్కాలి కాలుకు కట్టకు. దాని మీద 400కు 1.4 రెట్లు, 560 కిలోలు ఏటవాలుగ పడతది, కాలును ట్రాక్టరు దిక్కు గుంజుతది. వేరే గుంజ పాతి కట్టు.

చారకొండ_15పైపులు
అయితే తాడు తెగేది ఎప్పుడు? 10 మి.మీ. సరిపోతదా లేదా, అది చెప్పుండ్రి.

గిరక_మాస్టర్
10 మి.మీ., 6×19 (6 పోగులు, పోగుకు 19 తీగలు), నార గుండె (నడుమ నార), 1770 గ్రేడు (తీగ ఉక్కు బలం) తాడు తెగే బలం 58 కిలోన్యూటన్లు, 5.9 టన్నులు. కొసకు లూపు చేసి యు-క్లాంపులు బిగిస్తే 80 శాతమే లెక్క, 4.7 టన్నులు. 400తో భాగిస్తే దాదాపు 12 రెట్లు. సామాను లేపడానికి 5 రెట్లు చాలు. 8 మి.మీ. అయినా 7 రెట్లు పైనే వస్తుంది. కొత్త తాడుకు మాట ఇది.

తెగేది స్థిర వేగంలో కాదు. తాడు సడలి ఉండగా బరువు ఒక్కసారి పడ్డప్పుడు. క్లాంపు జారి పైపులు 5 సెం.మీ. కిందికి పడి తాడు మీద ఆగాయి అనుకోండి. 15 మీటర్ల తాడు 400 కిలోలకు మామూలుగా సాగేది 2 సెం.మీ. రెట్లు కట్టే సూత్రం: 1 + వర్గమూలం (1 + 2 × పడ్డ ఎత్తు / సాగినది). 1 + వర్గమూలం 6, మూడున్నర రెట్లు. 400 కాస్తా 1,380. అసలు పడకపోయినా, చెయ్యి అడ్డం తీసినట్టు ఒక్కసారిగా తాడు మీదికి వదిలితే చాలు, రెండు రెట్లు.

నల్లరాయి_క్వారీ
తాడు మీద 1,380 అంటే ముక్కాలి నెత్తిన 2,700. తాడు 4.7 టన్నులది కాబట్టి నిలబడతది, ముక్కాలి కూలుతది. తాడు మందం పెంచుకుంట పోతే తెగేది ఇంకో దగ్గరికి జరుగుతది, గంతే.

దేవరకొండ_గుంజుడు
నిలబడితే మంచిదే. ప్రతి పైపుకు ఒకసారి క్లాంపు మీద ఆపుడు, మల్ల లేపుడు. 15 సార్లు మొదలు, 15 సార్లు ఆగుడు. స్థిర వేగం నడిచేది ఒక్కో పైపుకు 30 సెకన్లు. అందుకే తాడు సడలింది మొత్తం మెల్లగ చుట్టి, బిగుసుకున్నంక ఒక్క క్షణం ఆపి, క్లాంపు ఇప్పి, అప్పుడు లేపాలె. సడలు తాడుతోని వించి ఆన్ చేసుడే అసలు తప్పు.

ఎంసెట్_పోరడు
బోరు మట్టి పట్టి ఇరుక్కుంటే స్థిర వేగం సూత్రం పని చేస్తదా?

త్వరణం_సున్నా
చేస్తుంది, కానీ తన్యత = బరువు + మట్టి పట్టు. ఆ పట్టు ఎంతో ఎవరికీ తెలియదు.

దేవరకొండ_గుంజుడు
ఇరుక్కుని కదలకపోతే ఇగ తన్యతను బరువు నిర్ణయించదు, వించి నిర్ణయిస్తది. వించి మోటరు తిరగలేక ఆగిపోయేదాక పెంచుకుంటనే పోతది. ఏది బలహీనమైతే అది పోతది, ఎక్కువ సార్లు తుప్పు పట్టిన పైపు మర. తెగితే మోటరు, సగం పైపులు బోర్లనే.

చేసేది: తాడుకు గిరకకు నడుమ కాదు, కొక్కేనికి క్లాంపుకు నడుమ వేలాడే కాంటా పెట్టు. లెక్క 400 ఉంటే 600 దాటనియ్యకు. మీదికి గుంజి, జర వదిలి, మల్ల గుంజు. పైపును చైను రెంచితోని తిప్పితే మీదికెళ్లి చూస్తే గడియారం దిక్కే తిప్పు. ఎదురు తిప్పితే కింద ఎక్కడో ఒక మర ఊడుతది, నీకు ఏ మరో తెల్వదు.

పాలమూరు_ఫిట్టర్
కాంటా పెట్టుడు మంచి మాట. నా 25 శాతం వాపస్ తీసుకుంటున్న.

గిరక_మాస్టర్
వాపసు అక్కర్లేదు, వించి మొదలయ్యే కుదుపుకు వాడుకోండి.

యు-క్లాంపుల గురించి ఒక మాట. 10 మి.మీ. తాడుకు మూడు కావాలి, ఒక్కోదానికి నడుమ కనీసం 6 సెం.మీ. యు ఆకారం ఉన్న వంపు తోక కొస మీద, గాడి ఉన్న దిమ్మ బరువు మోసే తాడు మీద పడాలి. తిరగేస్తే వంపు మోసే తాడును నొక్కి తీగలు విరుస్తుంది. ఒకసారి బరువు లేపాక తాడు సన్నబడుతుంది, నట్లు మళ్లీ బిగించాలి. ఇది ఎవరూ చెయ్యరు.

గిరక చిన్నదైతే కూడా తాడు లోపల్లోపల చస్తుంది. 10 మి.మీ. తాడుకు గిరక అడ్డుకొలత 18–20 సెం.మీ. ఉండాలి. 6 సెం.మీ. ఇనుప గిరక మీద లాగితే తన్యత అదే 400, కానీ వంగినప్పుడల్లా తీగల్లో అదనపు ఒత్తిడి పడుతుంది. తాడు ఒక మెలిక తిరిగే పొడవులో 6 తీగలు తెగినా, ఒకే పోగులో 3 తెగినా పక్కన పడేయండి. డ్రమ్ము మీద కనీసం మూడు చుట్లు ఎప్పుడూ మిగలాలి.

నల్లరాయి_క్వారీ
మాది రాయి కాబట్టి ఒకటి కలుపుత. 20 టన్నుల బండను రెండు తాళ్ల మీద లేపితే చెరి 10 అనుకుంటరు. తాళ్లు నిట్టనిలువుగ ఉంటేనే 10. నిలువు నుంచి 45 డిగ్రీలు వాలితే ఒక్కోదాని మీద 14 టన్నులు, 60 డిగ్రీలు వాలితే ఒక్కోదాని మీద 20. అంటే రెండో తాడు పెట్టి ఏం లాభం లేదు. మూడు మీటర్ల బండకు కురుచ తాళ్లు వాడితే గిట్లనే అయితది. స్థిర వేగమే, త్వరణం సున్నానే, అయినా ఒక్కో తాడు మీద మొత్తం బండ బరువు.

ఎంసెట్_పోరడు
సాగర్ గేట్లకు కూడా తాళ్లే గద? ఒక గేటు బరువు భాగించు తాళ్లు అంతేనా?

సాగర్_26గేట్లు
కాదు. క్రెస్టు గేట్లు (ఆనకట్ట నెత్తి మీది గేట్లు) 26, ఒక్కోటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు, వంకర గేట్లు. ఇరుసు చుట్టు తిరుగుతయ్, నిట్టనిలువుగ లేవవు. అక్కడ బలాలు కాదు, ఇరుసు చుట్టు భ్రామకాలు (బలం × ఇరుసు నుంచి దూరం) తూయాలె. గేటు బరువులో కొంత ఇరుసే మోస్తది. పక్కల రబ్బరు సీళ్ల రాపిడి, ఇరుసు రాపిడి తాళ్ల మీద కలుస్తయ్. గేటు మెల్లగ ఒకే స్పీడుతో లేచినా తాడు తన్యత ఎత్తు ఎత్తుకు మారుతది.

ఎంసెట్_పోరడు
ఇంకొకటి. మనకు 9.8 వాడాల్నా 10 వాడాల్నా?

త్వరణం_సున్నా
పరీక్షలో ప్రశ్నలో ఏది ఇస్తే అది. పాలమూరులో నిజంగా ఉండేది 9.78.

పాలమూరు_ఫిట్టర్
వించి మోటరు ఎంత హెచ్‌పీ కావాలె? స్పీడు ఇక్కడనన్న పనికొస్తదా?

గిరక_మాస్టర్
ఇక్కడే పనికొస్తుంది. సామర్థ్యం = తన్యత × వేగం. 400 × 9.8 × 0.2 = 784 వాట్లు, ఒక హెచ్‌పీ పైన కొంచెం. గేరుబాక్సు, గిరకలో మూడో వంతు పోతుంది కాబట్టి 2 హెచ్‌పీ పెట్టుకోండి. వేగం రెట్టింపు చేస్తే తాడు మీద అంతే, మోటరు మీద రెట్టింపు. మొదటి పోస్టులో అడిగిన "డబల్" ఇదే.

చారకొండ_15పైపులు
కాంటా తెచ్చి పెట్టినం. తాడు మొత్తం బిగించి, ఆపి, మెల్లగ లేపితే అంకె కదలకుంట నిలబడ్డది, మీరన్నట్టే. గని 397 కాదు. 335. మోటరు ప్లేటు మీద 50 అనే ఉంది, పైపులు 15 లెక్కపెట్టినం. 60 కిలోలు ఏడ పోయినయ్?

పాలమూరు_ఫిట్టర్
కాంటా తప్పు.

చారకొండ_15పైపులు
25 లీటర్ల క్యాను వేలాడదీసి చూసినం, సక్కగనే చూపెడతాంది.

త్వరణం_సున్నా
మోటరు కింద తెగి పడిపోయిందేమో? 50 పోతుంది.

దేవరకొండ_గుంజుడు
మోటరు పోతే కరెంటు కేబులు ఊకుంటదా, నీళ్లే రావు. ఆయనకు నీళ్లు వస్తున్నయ్, లేటుగ వస్తున్నయ్.

60 కిలోలు ఎక్కడివో చూడు. నీటి మట్టం 200 అడుగులు, 61 మీటర్లు. పైపుల మీటరుకు లీటరు చిల్లర. 61 మీటర్లకు 62 లీటర్లు. 397 - 62 = 335. నీ పైపుల నీళ్లు లేవు, బోరు నీటి మట్టం దాక జారిపోయినయ్. ఎన్‌ఆర్‌వీ పట్టుతలేదు.

చారకొండ_15పైపులు
అందుకేనా స్విచ్చేసినంక లేటు?

దేవరకొండ_గుంజుడు
అందుకే. ఆన్ చేసినప్పుడల్లా 61 మీటర్ల పైపు మొదటికెళ్లి నింపాలె. 62 లీటర్లు నిండినంకనే పైన చుక్క పడతది.

గిరక_మాస్టర్
పైపుకు బొక్క పడి ఉండొచ్చు కదా?

దేవరకొండ_గుంజుడు
ఉండొచ్చు. గని బొక్క మీద ఎక్కడనో ఉంటే నీళ్లు ఆ బొక్క దాకనే దిగి ఆగుతయ్. అప్పుడు 30 కిలోలు తగ్గితే 30 మీటర్ల లోతుల బొక్క ఉన్నట్టు. ఈయనకు సరిగ్గ నీటి మట్టం దాక పోయినయ్, అంటే ఎన్‌ఆర్‌వీ, లేకుంటే బొక్క నీళ్లల్లనే ఉంది. పైపులు ఇప్పుకుంట పోతుంటే మొదటి పదింట్ల నీళ్లు పారబోయాల్సిన పనే ఉండదు చూడు. 11వ పైపు కాడికెళ్లి ఒక్కోటి మర, సాకెట్టు పట్టి చూడు. ఏం దొరకకపోతే ఎన్‌ఆర్‌వీ ఇప్పు, సీటు మీద రాయి ముక్క ఉంటది.

చారకొండ_15పైపులు
నాలుగు తీసినం. నాలుగు పొడిగనే ఉన్నయ్.